ఇంట్లో మనుషులు పెరిగారు, ఏ కారు కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో పాప పుట్టింది, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి మీ దగ్గరే ఉంటున్నారు, ఉన్న చిన్న కారులో అందరూ పట్టడం లేదు. ఇలాంటి ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రాలో మన రోడ్లు, మన ఎండలు, మన ఆర్టీఏ ఖర్చులు మనసులో పెట్టుకునే రాశాను. నా మాట ముందే చెప్పేస్తాను: సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎంత పెద్దది అన్నవి తర్వాత. ముందు మీ ఇంట్లో ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో తేల్చుకోండి, సగం కార్లు లిస్టులోంచి వాటంతట అవే పోతాయి.

మేం నలుగురమే. ఏడు సీట్ల కారు నిజంగా అవసరమా?

రోజూ నలుగురే అయితే అక్కర్లేదు. మంచి డిక్కీ ఉన్న ఐదు సీట్ల కారు చాలు. సంక్రాంతికో పెళ్లికో ఏడుగురు వెళ్లాల్సి వస్తే ఆ రెండు మూడు రోజులకు ఇన్నోవా మాట్లాడుకోవచ్చు, ఏడాదంతా పెద్ద బండిని సందుల్లో తిప్పుతూ, పార్కింగ్ దొరక్క అవస్థ పడటం కంటే అదే చవక. కానీ పెద్దవాళ్లు మీతోనే ఉంటూ, నెలకు ఒకటి రెండుసార్లైనా ఆరుగురు ఎక్కే పని పడుతుంటే మాత్రం మూడో వరస ఉన్నదే చూడండి. ఐదు సీట్ల కారులో వెనకాల నలుగురు సర్దుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని హైవే ఎక్కొద్దు. సడన్‌గా బ్రేక్ పడితే ఒళ్లో పిల్లను పట్టి ఆపగలిగే చెయ్యి ఎవరికీ ఉండదు.

షోరూమ్‌లో స్థలం ఎలా చూడాలి? అన్ని కార్లూ విశాలంగానే కనిపిస్తాయి కదా.

ఖాళీ కారు ఎప్పుడూ విశాలంగానే కనిపిస్తుంది. అందుకే ఒక్కరే వెళ్లొద్దు, ఆదివారం పూట ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి. డ్రైవర్ సీటును మీకు సరిపోయేలా జరుపుకోండి, దాని వెనక మీ నాన్నగారిని కూర్చోబెట్టండి, ఆయన వెనక మూడో వరసలో ఇంట్లో అందరికంటే పొడుగున్నవాళ్లను కూర్చోబెట్టండి. అలా ఓ పది పదిహేను నిమిషాలు కూర్చోండి, రెండు నిమిషాల్లో ఏమీ తెలియదు. మూడో వరసలో మోకాళ్లు గడ్డం దగ్గరికి వస్తున్నాయంటే ఆ సీటు పిల్లలకే తప్ప పెద్దవాళ్లకు పనికిరాదు.

ఇంకొకటి, ఎక్కడం దిగడం. మోకాళ్ల నొప్పులున్న అమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా రెండో వరసలోకి ఎక్కగలుగుతోందా చూడండి. సీటు మరీ కిందికి ఉంటే లేవలేరు, మరీ ఎత్తుగా ఉంటే ఎక్కలేరు. నడుం ఎత్తుకు కాస్త కిందగా సీటు ఉంటే పెద్దవాళ్లు ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంటారు. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్ లాంటి ఎంపీవీలు (వ్యాన్ తరహా మూడు వరసల ఫ్యామిలీ కార్లు) ఈ విషయంలో స్కార్పియో-ఎన్ లాంటి ఎత్తు బండ్ల కంటే చాలా నయం. ఈ పరీక్షలో నెగ్గని బండిని ఎంత బాగున్నా వదిలేయండి, ఎందుకంటే పెద్దవాళ్లు ఇబ్బందిగా ఉందని నోరు తెరిచి చెప్పరు, మెల్లగా మీతో బయటికి రావడం మానేస్తారు.

పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరా? మనవాళ్లెవరూ పెట్టరు కదా?

తప్పనిసరే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో ఉండాలి, లేకపోతే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి పక్కన పెట్టండి, పసిపిల్లకు పెద్దవాళ్ల బెల్టు మెడకు అడ్డంగా వస్తుంది, దానివల్ల రక్షణ లేదు. నెలల పిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు వాడాలి, దాన్ని ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. కారులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే సీటు బిగించడం సులువు. అవి ఏయే సీట్లలో ఉన్నాయో వేలు పెట్టి తడిమి చూడండి. సీటు వీపు, కూర్చునే దిండు కలిసే చోట లోపలికి ఇనుప కడ్డీలు తగులుతాయి.

చైల్డ్ సీటు బిగించాక మూడో వరసలోకి ఎలా వెళ్తారు?

షోరూమ్‌లో ఎవరూ చెప్పని విషయం ఇదే, కొన్నాక రోజూ తలనొప్పి పెట్టేదీ ఇదే. మూడో వరసలోకి వెళ్లాలంటే రెండో వరస సీటును ముందుకు జరపాలి లేదా మడవాలి. దాని మీద చైల్డ్ సీటు బిగించి ఉంటే చాలా బండ్లలో అది మడవడానికి రాదు. రెండు వైపులా రెండు చైల్డ్ సీట్లు ఉన్నాయనుకోండి, ఇక మూడో వరస ఉన్నా లేనట్టే, డిక్కీ తలుపు ఎత్తి దూరాలి.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, ఆరు సీట్ల మోడల్. రెండో వరసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లు ఉంటాయి, మధ్యలోంచి నడిచి వెనక్కి వెళ్లొచ్చు. మారుతి ఎక్స్ఎల్6 అలాంటిదే, కారెన్స్‌లో, ఇన్నోవా హైక్రాస్‌లో కూడా కెప్టెన్ సీట్ల వేరియంట్లు ఉన్నాయి. ఒక సీటు తగ్గుతుంది నిజమే, కానీ ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే కళ్లు మూసుకుని ఇదే చెప్తాను. రెండోది, ఒక్క చైల్డ్ సీటే ఉంటే దాన్ని డ్రైవర్ వెనక, అంటే కుడివైపు పెట్టి, ఎడమవైపు సీటును మడవడానికి వదిలేయడం. మన దగ్గర దిగేది ఎడమవైపే కాబట్టి పెద్దవాళ్లకు అదే సౌకర్యం. పాపను ఎక్కించేటప్పుడు మాత్రం రోడ్డు వైపు తలుపు తీసి నిలబడకండి, ఎడమవైపు నుంచే లోపలికి వంగి ఎక్కించండి.

ఇప్పటికే చైల్డ్ సీటు కొని ఉంటే దాన్ని షోరూమ్‌కి తీసుకెళ్లి బిగించి చూడండి. మొహమాటపడొద్దు. లక్షలు పెట్టి కొనేది మీరు.

ఏడుగురూ ఎక్కితే సామాన్లు ఎక్కడ పెట్టాలి?

మూడు వరసలూ లేచి ఉన్నప్పుడు డిక్కీ ఎంత మిగులుతుందో చూడండి, బ్రోచర్‌లో సీట్లు మడిచినప్పటి అంకెను పెద్దక్షరాలతో వేస్తారు. రెనో ట్రైబర్‌లో అన్ని సీట్లూ ఉంటే మిగిలేది 84 లీటర్లు, అంటే ఒకటి రెండు చేతి సంచులు. మూడో వరస తీసేస్తే అదే 625 లీటర్లు అవుతుంది. ఎర్టిగాలో 209, కారెన్స్‌లో 216 లీటర్లు, అంటే ఒక మాదిరి సూట్‌కేసూ, ఊరి నుంచి తెచ్చే బియ్యం మూటా పడతాయి. హైక్రాస్‌లో 300. ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది కాబట్టి ఏడుగురు ఎక్కాక సామాన్లకు పైన క్యారియర్ వేయించడం తప్ప దారి లేదు. క్యారియర్ వేయిస్తే బరువు మీద బరువు పేర్చకుండా, తేలిక సంచులే పైన పెట్టండి. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఊగుతుంది.

సరే, పేర్లు చెప్పండి. ఏది కొనాలి?

బడ్జెట్ తక్కువ, ఇల్లు ఊళ్లోనే, పిల్లలు చిన్నవాళ్లు అంటే ట్రైబర్. నాలుగు మీటర్ల లోపు పొడవు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇబ్బంది ఉండదు, మూడో వరస కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసి ఇంట్లో పెట్టొచ్చు. కానీ ఇంజిన్ ఒక లీటరుది, మూడు సిలిండర్లు. ఏడుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి శ్రీశైలం ఘాట్ ఎక్కితే అది పడే కష్టం మీకు వినిపిస్తుంది.

ఎక్కువ మందికి నేను చెప్పేది ఎర్టిగా. 2012 నుంచి మన రోడ్ల మీద ఉంది, 2018లో రెండో తరం వచ్చింది, స్పేర్ పార్ట్స్ దొరకని ఊరు లేదు, ట్యాక్సీవాళ్లు లక్షల కిలోమీటర్లు తిప్పుతున్నారు. సేఫ్టీ దగ్గర మాత్రం ఆలోచించాలి, దాని గురించి కింద రాశాను. టయోటా రూమియన్ కూడా ఎర్టిగానే, బ్యాడ్జీ, సర్వీస్ నెట్‌వర్క్ వేరు. ఎర్టిగా డెలివరీ ఆలస్యం అంటే దాన్ని కూడా అడిగి చూడండి.

కియా కారెన్స్ 2022లో వచ్చింది. మన సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో తయారవుతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2780 మిల్లీమీటర్లు, మూడో వరసలో పెద్దవాళ్లు కూడా కూర్చోగలరు, ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు మొదటి నుంచీ అన్ని వేరియంట్లలో ఇస్తున్నారు. ఘాట్ రోడ్లు, హైవేలు ఎక్కువ తిరిగేవాళ్లకు దీని డీజిల్ బాగుంటుంది.

డబ్బుంటే ఇన్నోవా. 2005 నుంచీ ఆ పేరుకున్న నమ్మకం ఊరికే రాలేదు. కొత్త హైక్రాస్ పాత ఇన్నోవాలా ఛాసిస్ మీద కట్టిన బండి కాదు, ముందు చక్రాలతో నడుస్తుంది, అందుకే లోపల నేల చదునుగా ఉండి కూర్చోవడానికి ఇంకా హాయిగా ఉంటుంది. ఏడుగురు పెద్దవాళ్లు విజయవాడ నుంచి తిరుపతి దాకా నడుం పట్టకుండా వెళ్లాలంటే ఈ లిస్టులో నేను చెప్పేది దీన్నే.

ఎస్‌యూవీ అయితే దర్జాగా ఉంటుంది కదా, ఎక్స్‌యూవీ 700, సఫారీ లాంటివి?

మంచి బండ్లే, క్రాష్ టెస్టుల్లో రెండూ ఐదు స్టార్లు తెచ్చుకున్నాయి. ముందు రెండు వరసలకు రాజసం. మూడో వరసకు వచ్చేసరికి నేల ఎత్తుగా, సీటు కిందికి ఉండటం వల్ల తొడలకు ఆసరా ఉండదు. మీ ఇంట్లో మూడో వరస పదేళ్లలోపు పిల్లలదే అయితే నిశ్చింతగా కొనండి. అమ్మానాన్నలది అయితే ఎంపీవీ వైపే రండి.

సేఫ్టీ స్టార్లను ఎంత నమ్మాలి?

నమ్మాలి, కానీ ఏ సంవత్సరం పరీక్షో, ఏ వేరియంటో చూసి నమ్మాలి. కార్లకు క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2022లో పరీక్ష నియమాలు కఠినం చేసింది, మన సొంత భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. పాత పరీక్షలో నాలుగు స్టార్లు, కొత్త పరీక్షలో నాలుగు స్టార్లు ఒకటి కావు. మన దేశంలో తయారై ఆఫ్రికాకు వెళ్లే ఎర్టిగాను 2024లో పరీక్షిస్తే పెద్దవాళ్ల రక్షణకు ఒక్క స్టారే వచ్చింది. అందులో ఉన్నవి రెండు ఎయిర్‌బ్యాగ్‌లే, ఇక్కడ ఇప్పుడు ఆరు ఇస్తున్నారు. ఎయిర్‌బ్యాగ్‌లు పెరిగినంత మాత్రాన బాడీ మారిపోదు కాబట్టి ఎక్కువగా హైవే మీద వేగంగా తిరిగేవాళ్లు ఈ విషయం పట్టించుకోవాలి.

స్టార్లతో పాటు మూడో వరసను విడిగా చూడండి. రెండు సీట్లకూ భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టులు, తలకు ఆనించే హెడ్‌రెస్ట్‌లు ఉన్నాయా? పక్క అద్దాల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరస దాకా వస్తుందా? సేల్స్ అతను ఉందంటే బ్రోచర్‌లో చూపించమనండి. వెనక అద్దానికి జానెడు దూరంలో మీ పిల్లల తలలు ఉంటాయి.

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా, హైబ్రిడ్డా?

నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు, అదీ ఊళ్లోనే తిరిగేవాళ్లకు పెట్రోల్. ఆలోచించాల్సిన పనే లేదు. డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద బండి నిలకడగా పరుగెత్తాలి. స్కూలు, కూరగాయల మార్కెట్, మళ్లీ ఇల్లు, ఇలా రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది, ఖర్చు పెడుతుంది. వారం వారం హైదరాబాద్ నుంచి ఖమ్మమో కర్నూలో వెళ్లొచ్చేవాళ్లకు డీజిలే సరైనది.

సీఎన్‌జీ ఖర్చు తక్కువ, కానీ మీ ఇంటికి దగ్గర్లో బంకు ఉందా, అక్కడ సాయంత్రం పూట క్యూ ఎంత ఉంటుందో ఒకసారి వెళ్లి చూసి రండి. హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో తిరిగే మోటారు ఉన్నది) ట్రాఫిక్‌లోనే ఎక్కువ ఆదా చేస్తుంది, అమీర్‌పేట, కూకట్‌పల్లి మధ్య రోజూ పాకేవాళ్లకు బాగుంటుంది. బ్యాటరీ పోతే ఎలా అని టెన్షన్ పడుతుంటారు, టయోటా దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఎలక్ట్రిక్‌లో మూడు వరసల బండ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, కారెన్స్ క్లావిస్ ఈవీ 2025లో వచ్చింది. ఇంటి దగ్గర సొంత ఛార్జింగ్ పాయింట్ ఉంటేనే అటు చూడండి.

ఆటోమేటిక్ తీసుకోవచ్చా?

తీసుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో టార్క్ కన్వర్టర్ రకం అన్నింటికంటే గట్టిది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సుకే ఆటోమేటిక్ ఏర్పాటు తగిలించినది) చవక, ఘాట్‌లో గేరు మారేటప్పుడు తూలుతుంది. డీసీటీ (రెండు క్లచ్‌ల రకం) హైవే మీద సరదాగా ఉంటుంది కానీ ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశం ఎక్కువ.

వెనకాల ఏసీ చల్లగా వస్తుందా?

మేలో మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ డ్రైవ్ అడగండి. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వెనక వరసలకు పైకప్పు నుంచి గాలి వచ్చే ఏర్పాటు ఉండాలి, దాని ఫ్యాన్ విడిగా తిప్పుకునేలా ఉండాలి. సీట్ల మధ్యలో కింద నుంచి వచ్చే గాలి మూడో వరస మొహాల దాకా చేరదు.

బండి నమ్మకమైనదని ఎలా తెలుసుకోవాలి?

యూట్యూబ్‌లో వారం రోజులు నడిపినవాళ్ల మాట కాదు, ఐదేళ్లు నడిపినవాళ్ల మాట వినండి. రైల్వే స్టేషన్ దగ్గర ట్యాక్సీ డ్రైవర్లను అడగండి, ఏది ఎన్ని కిలోమీటర్లకు ఏం ఖర్చు పెట్టిందో నోటి లెక్కన చెప్తారు. మీ ఊళ్లో కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా లేదా అన్నది ఇంకా పెద్ద విషయం. జగిత్యాలలోనో నంద్యాలలోనో ఉండి, ఒక సెన్సార్ మార్పించడానికి హైదరాబాద్ రావాల్సి వస్తే ఎంత గొప్ప బండైనా విసుగొస్తుంది. కొత్తగా మార్కెట్‌లోకి వచ్చిన మోడల్‌ని మొదటి ఏడాది కొనకండి, చిన్న చిన్న లోపాలు అప్పుడే బయటపడి సరిచేస్తారు.

ఎక్స్-షోరూమ్‌కి, ఆన్‌రోడ్‌కి అంత తేడా ఎందుకు?

ప్రధానంగా లైఫ్ ట్యాక్స్. రెండు రాష్ట్రాల్లోనూ బండి ధర శ్లాబును బట్టి శాతం పెరుగుతుంది. మీ బడ్జెట్ శ్లాబు అంచున ఉంటే ఒక వేరియంట్ కిందికి దిగితే పన్ను కూడా కలిసొస్తుంది. పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను) పట్టుకుంటారు, అది ఐటీ రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి తెచ్చుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు ఉండి 1200 సీసీ మించని పెట్రోల్ కార్లకు 18 శాతం, పెద్ద కార్లకు 40 శాతం, ఎలక్ట్రిక్ వాటికి 5. ట్రైబర్ 18లో పడుతుంది, ఎర్టిగా 40లో.

కోటింగ్, మ్యాట్లు, యాక్సెసరీలు కలిపి ప్యాకేజీ తప్పనిసరి అంటే ఒప్పుకోకండి.

లోన్ ఎన్నేళ్లకు పెట్టుకోవాలి?

ఐదేళ్లు దాటకుండా చూసుకోండి. పది లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే ఐదేళ్లకు ఈఎంఐ 20,758, మొత్తం వడ్డీ సుమారు 2.45 లక్షలు. ఏడేళ్లకు ఈఎంఐ 16,089కి తగ్గుతుంది కానీ వడ్డీ 3.51 లక్షలు దాటుతుంది.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే చేయించాలా?

అక్కర్లేదు, బయట కొటేషన్ తీసుకెళ్లి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఎలాగూ కట్టాలి. దానికి తోడు జీరో డెప్రిసియేషన్ (పార్టుల పాతదనం పేరుతో క్లెయిమ్‌లో కోత పెట్టకుండా), ఇంజిన్ ప్రొటెక్షన్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునేది) రెండూ తీసుకోండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు మునిగినప్పుడు ఈ ఇంజిన్ ప్రొటెక్షన్ విలువ ఏంటో అందరికీ తెలిసింది. నీళ్లలో మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకండి. ఇంజిన్‌లోకి నీళ్లు లాగేసుకుంటుంది, క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. టోయింగ్ చేయించండి.

సెకండ్ హ్యాండ్ ఇన్నోవా క్రిస్టా మంచిదా, కొత్త ఎర్టిగానా?

మంచి చేతుల్లో ఉన్న క్రిస్టా దొరికితే క్రిస్టానే. దొరకడమే కష్టం. 2016 నుంచి వచ్చిన వాటిలో చాలావరకు ట్యాక్సీలుగా, ఆఫీస్ బండ్లుగా తిరిగినవే, పసుపు ప్లేటు మార్చి తెల్లప్లేటుతో అమ్ముతుంటారు. ఆర్సీ చరిత్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చూడండి, చలాన్లు, లోన్ బాకీ రెండూ చూడండి. కంపెనీ సర్వీస్ రికార్డు తీయించి ఏ తేదీకి ఎంత రీడింగ్ ఉందో మీటర్‌తో పోల్చండి, రీడింగ్ తిప్పేసి ఉంటే అక్కడ దొరికిపోతుంది. రీడింగ్ 60 వేలే అని చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ మెరుస్తుంటే నమ్మొద్దు.

వరద బండి కాదని తేల్చుకోవాలి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. పైకి కనిపించేవన్నీ కడుగుతారు, దాన్ని కడగడం మర్చిపోతారు. స్టెప్నీ గుంటలో, సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు ఏసీ వేస్తే తడిగోడ వాసన వస్తే తిరిగి వచ్చేయండి.

కాగితాల్లో బండి పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, లోన్ ఉండి తీరితే 35, పక్క రాష్ట్రానిది అయితే 28 అంటే ఎన్ఓసీ ఉండాలి. తెలంగాణ బండిని ఆంధ్రాకు మారిస్తే బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బేరం ఆడేటప్పుడే అది లెక్కేసుకోండి. టీఎస్ నంబర్ చూసి భయపడకండి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది, పాతవి అలాగే చెల్లుతాయి.

మేం అమెరికాలో ఉంటున్నాం, అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారు. అక్కడ ఏది?

మినీవ్యాన్. పక్కకు జరిగే తలుపులు, తక్కువ ఎత్తులో సీటు, పెద్దవాళ్లకు దానికి మించినది లేదు. టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి మొత్తం హైబ్రిడ్డే, పెట్రోల్ ఆదా. హోండా ఒడిస్సీలో రెండో వరస సీట్లు పక్కలకు జరుగుతాయి కాబట్టి చైల్డ్ సీటు తీయకుండానే వెనక్కి వెళ్లొచ్చు, ఇద్దరు చిన్నపిల్లలుంటే అదే నా ఓటు.

డెలివరీ రోజు ఏం చూసుకోవాలి?

డెలివరీ రోజు ఏమీ చూడలేరు. ముహూర్తం టైము, పంతులుగారు, నిమ్మకాయలు, ఫొటోలు, చుట్టాల ఫోన్లు, ఆ హడావుడిలో గీత ఎక్కడుందో ఎవరికి కనిపిస్తుంది? అందుకే రిజిస్ట్రేషన్‌కి ముందే, పగటి వెలుగులో, స్టాక్ యార్డుకు వెళ్లి చూడండి. ఛాసిస్ నంబర్‌ను బట్టి బండి ఏ నెలలో తయారైందో అడగండి. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి, 3525 అంటే 2025లో 35వ వారం, ఐదు టైర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. అన్ని సీట్లూ మడిచి లేపండి, అన్ని బెల్టులూ లాగండి, వెనక ఏసీ వేయండి, జాకీ, స్పానర్ ఉన్నాయా చూడండి. పూర్తి లోడుకు టైర్లలో గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి, ఏడుగురితో బయల్దేరే రోజు పనికొస్తుంది. రెండో తాళం చేతికి వచ్చాకే డెలివరీ నోట్ మీద సంతకం పెట్టండి.